అప్‌డేట్: అమ్మకి బీపీ, నెల సరుకుల్లో ఏం మార్చాలని అడిగా కదా

డాక్టర్ ఉప్పు తగ్గించమన్నారని అడిగా, చెప్పినోళ్ళందరికీ థ్యాంక్స్ అండీ. ప్యాకెట్ వెనక చదవమన్నారు చూడండి, అదే బాగా పనికొచ్చింది. ఏది ఎక్కువుంటే దాని పేరే ముందు రాస్తారంట, మేం తెచ్చే రాగి బిస్కెట్లకి వెనక మొదట మైదా, తర్వాత చక్కెర, రాగిపిండి ఎక్కడో చివర్న! అవి మానేసి రాగులే కొని మిషన్లో ఆడించాం, చిత్తూరోళ్ళకి సంగటి కొత్తా ఏంది. సోడియం 400 మిల్లీగ్రాములంటే దాదాపు 1 గ్రాము ఉప్పు, రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలంట, అందుకే అప్పడాలు, సూప్ ప్యాకెట్లు కట్. రైతు బజార్లో అనపకాయలు (సొరకాయ కాదండీ, గింజల చిక్కుడు) వస్తాండాయి, అవే తెస్తున్నా. ఊరగాయ మాత్రం అమ్మ వదలట్లేదు, సంగటిలోకి నూరే ఊరిబిండి పచ్చడిలో కూడా కాస్త ఉప్పు తగ్గించినా ఇట్టే కనిపెట్టేస్తాది, దానికేమన్నా ఐడియా ఉంటే చెప్పండి.