అమ్మకు మాట తెలియాలి: పదివేల లోపు సౌండ్‌బార్ ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: మలక్‌పేట నివాసి

అందరికీ నమస్కారం. మేము మలక్‌పేటలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటున్నాము. ఐదేళ్ల క్రితం కొన్న 43 అంగుళాల టీవీని హాలులో గోడకు బిగించాము. మా అమ్మగారికి 74 ఏళ్లు. ఉదయం ప్రవచనం, సాయంత్రం వార్తలు, రాత్రి రెండు సీరియళ్లు, ఇవీ ఆమె చూసేవి. ఏడాదిగా ఆమె ఒకటే మాట అంటున్నారు: "గొంతు వినబడుతోంది గానీ మాట తెలియడం లేదురా." వాల్యూమ్ 20 నుంచి 35కు పెంచితే సీరియల్‌లోని సంగీతం, మధ్యలో వచ్చే ప్రకటనలు ఇల్లు అదిరేలా మోగుతున్నాయి; మాట మాత్రం ముద్దగానే ఉంటోంది. పక్క గదిలో పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి తలుపు వేసుకుని కూర్చోవలసి వస్తోంది.

హాలు సుమారు 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉంటుంది. నేలంతా టైల్సు, గోడలు ఖాళీ, వంటగదికి తలుపు లేదు. అమ్మ కుర్చీ టీవీకి తొమ్మిది అడుగుల దూరంలో, ఫ్యాను కింద ఉంటుంది. టీవీకి ఉన్న మూడు హెచ్‌డీఎంఐ పోర్టులలో ఒకదాని పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉంది. సెట్‌టాప్ బాక్సు వేరొక పోర్టులో ఉంది.

సౌండ్‌బార్‌కు, అంటే టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరుకు, నేను ఎనిమిది వేలు అనుకున్నాను, అవసరమైతే పదివేల దాకా పెట్టగలను. మొన్న ఒక దుకాణంలో అడిగితే, పెద్ద సబ్‌వూఫర్ (దడదడలాడే లావు ధ్వనిని పలికే విడి పెట్టె) ఉన్న 160 వాట్ల సెట్టు చూపించి, ఇది పెడితే ఇల్లు సినిమాహాలు అవుతుందని చెప్పారు. మాకు సినిమాహాలు అవసరం లేదు, అమ్మకు మాట తెలిస్తే చాలు. ఆ ధరలో అది సాధ్యమేనా? ఏమేమి చూసి కొనాలి?

జవాబు 1: మైకుసెట్టు మనిషి

నేను ఇరవై ఏళ్లకు పైగా సభలకూ పెళ్లిళ్లకూ మైకుసెట్లు నడిపినవాడిని. మీ ప్రశ్నకు సగం జవాబు మీ అమ్మగారి మాటలోనే ఉంది. గొంతు వినబడుతూ మాట తెలియడం లేదంటే, ఆమెకు అందనిది శబ్దం కాదు, హల్లులు. మన మాటలో అచ్చులు కింది స్థాయిలో, అంటే లావు ధ్వనిలో, బలంగా పలుకుతాయి. స, శ, చ, త, క వంటి హల్లులను ఒకదాని నుంచి మరొకదానిని వేరు చేసే సన్నని ధ్వని చాలావరకు 2,000 హెర్ట్జులకు (సెకనుకు అన్ని కంపనాలకు) పైన ఉంటుంది. వయసుతో వచ్చే వినికిడి తగ్గుదల మొదట తాకేది కూడా ఆ పై స్థాయినే. అందుకే పెద్దవారికి "ఆ", "ఓ" గట్టిగానే వినబడతాయి గానీ, అన్నది "కల" అనో "తల" అనో తేలదు. వాల్యూమ్ పెంచితే అచ్చులూ సంగీతమూ ఇంకా పెద్దవై, ఉన్న కాస్త హల్లును కూడా కప్పేస్తాయి.

దానికి తోడు, పలుచని టీవీలలో స్పీకర్లు చాలావరకు కిందికో వెనక్కో చూస్తూ ఉంటాయి. ఆ మాట గోడకు కొట్టుకుని, మీ టైల్సు నేల మీద పడి, ఎదుటి గోడ నుంచి తిరిగి వచ్చి కుర్చీ దగ్గరకు చేరేసరికి ఒక అక్షరం తోక తరువాతి అక్షరం తల మీద పడుతుంది. సౌండ్‌బార్ వల్ల కలిగే మొదటి మేలు, అది మనిషి వైపు నేరుగా చూసి పలకడమే. ఆ మేలు చవక బారులోనూ దక్కుతుంది కాబట్టి మీ బడ్జెట్ చాలు.

వాట్ల విషయంలో తొందరపడకండి. వాట్లు రెట్టింపు అయితే శబ్దం పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు పెరగాలి, అందుకు పదింతల శక్తి కావాలి. కనుక 80 వాట్ల బారుకూ 160 వాట్ల బారుకూ మీ హాలులో కనిపించే తేడా చాలా స్వల్పం. అట్టపెట్టె మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని ఉన్న అంకెను అసలు పట్టించుకోవద్దు, ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) ఎంతో అడగండి. మాట కోసమైతే మీ గదికి 60 వాట్ల ఆర్‌ఎంఎస్ బాగా సరిపోతుంది.

ఈ సెట్ల అంకెల్లో చుక్కకు ముందుది ఛానెళ్ల (విడివిడి ధ్వని దారుల) సంఖ్య, తరువాతది సబ్‌వూఫర్‌ల సంఖ్య. సినిమాల 5.1 ధ్వనిలో సంభాషణ చాలావరకు మధ్య ఛానెల్‌లో ఉంటుంది. మాట కోసమే కొనేవారికి అన్నిటికన్నా మంచిది మధ్యలో ప్రత్యేక స్పీకరు ఉన్న 3.1 బారు, కానీ అది సాధారణంగా మీ ధరలో రాదు. సోనీ హెచ్‌టీ-ఎస్20ఆర్ వంటి 5.1 సెట్టులో మధ్య ఛానెల్ ఉంటుంది. అయితే దాని వెనుక స్పీకర్లకు హాలంతా తీగలు లాగాలి, ధర కూడా మీ లెక్క దాటుతుంది. కాబట్టి రిమోట్‌లో మాటను పైకి తెచ్చే మీట ఉన్న 2.0 లేదా 2.1 బారును వెతకండి. కొన్నిటిలో దానిని వాయిస్ అనీ, కొన్నిటిలో న్యూస్ అనీ, డైలాగ్ అనీ రాస్తారు. నైట్ మోడ్ కూడా ఉంటే ఇంకా మంచిది. అది పెద్ద శబ్దాలను తగ్గించి చిన్నవాటిని పెంచుతుంది కనుక మీ అమ్మాయి చదువుకు ఇబ్బంది తగ్గుతుంది.

కొనడానికి వెళ్లేటప్పుడు అమ్మగారిని తప్పక వెంట తీసుకువెళ్లండి. దుకాణంవారు పెట్టే పాట వద్దని చెప్పి, వార్తలు పెట్టించండి. ఆమెను తెరకు వీపు పెట్టి కూర్చోమని, ఒక్కొక్క వాక్యం విని తిరిగి చెప్పమనండి. పెద్దవారు తమకు తెలియకుండానే పెదవులు చూసి సగం మాట పట్టుకుంటారు, అందుకే వీపు పెట్టమంటున్నాను. సీరియల్ సంభాషణను ఊహించి చెప్పవచ్చు. వార్తల్లోని ఊరి పేర్లనూ అంకెలనూ ఎవరూ ఊహించి చెప్పలేరు. ఏ బారు దగ్గర ఆమె ఎక్కువ పేర్లు సరిగా చెబితే అదే మీ బారు.

జవాబు 2: నిజాంపేట నుంచి

పైన చెప్పినదంతా నిజమే. నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను. రెండేళ్ల క్రితం ఆన్‌లైన్‌లో మూడు వేల లోపు ధరకు ఒక బారు కొన్నాను. దానికి హెచ్‌డీఎంఐ లేదు, ఆప్టికల్ (కాంతి ద్వారా శబ్దం పంపే తీగ పెట్టే చోటు) లేదు, బ్లూటూత్ ఉందిగదా అనుకున్నాను. టీవీకి కలిపిన మొదటి రోజే వార్తలు చదివే ఆమె పెదవులు ముందు కదిలి, మాట తరువాత వచ్చింది. ధ్వని చిత్రం కన్నా 125 మిల్లీసెకన్లు వెనుకబడితే చూసేవారు గుర్తిస్తారని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు చెబుతోంది. సాధారణ బ్లూటూత్ తరచుగా అంతకన్నా వెనుకే ఉంటుంది. మా నాన్నగారు రెండు రోజులు చూసి, తల నొప్పిగా ఉందని బారు ఆపేయమన్నారు. పెదవులు చూసి మాట పట్టుకునేవారికి ఈ ఆలస్యం మరీ కష్టం.

మీ టీవీకి ఏఆర్‌సీ ఉండటం అదృష్టం. ఇది 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన సదుపాయం. ఒకే తీగతో టీవీ శబ్దం బారుకు వెళుతుంది. టీవీలో సీఈసీ (హెచ్‌డీఎంఐ తీగ గుండా ఒక పరికరం మరొకదానిని నడిపే వీలు) ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే బారు వాల్యూమ్ కూడా మారుతుంది. ఇంట్లో పెద్దవారు ఉన్నప్పుడు రెండో రిమోట్ లేకపోవడం ఎంత సుఖమో వాడితే గానీ తెలియదు. ఆప్టికల్ తీగతో శబ్దం బాగానే వస్తుంది కానీ ఈ ఒక్క రిమోట్ సౌకర్యం ఉండదు. తీగను ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టాలి, మిగతా రెండింటిలో పెడితే శబ్దం రాదు.

జవాబు 3: తార్నాక శ్రోత

సబ్‌వూఫర్‌ను అందరూ ఒక్కసారిగా తోసిపుచ్చుతున్నట్లు అనిపించింది కనుక ఒక మాట చెప్పదలిచాను. బారులోని చిన్న స్పీకర్లే కింది స్థాయి ధ్వనిని కూడా మోయవలసి వచ్చినప్పుడు, సంగీతం పెరిగిన చోట మాట వణుకుతుంది. ఆ బరువును విడి పెట్టెకు అప్పగిస్తే బారు మాట మీదే నిలుస్తుంది. మా ఇంట్లో ఉన్నది 2.1 సెట్టే. సబ్‌వూఫర్ స్థాయిని సగం కన్నా తక్కువలో పెట్టి వాడుతున్నాము, మాట చక్కగా తెలుస్తోంది. సబ్‌వూఫర్ స్థాయిని బారుతో సంబంధం లేకుండా విడిగా తగ్గించుకునే వీలు రిమోట్‌లో ఉందో లేదో మాత్రం తప్పక చూడండి. అది లేని సెట్టును నేనైతే తీసుకోను.

మీరు మూడో అంతస్తులో ఉన్నారు కాబట్టి సబ్‌వూఫర్‌ను నేరుగా టైల్సు మీద, గది మూలలో పెట్టకండి. మూలలో ఆ దడదడ ఇంకా పెరుగుతుంది, స్లాబు గుండా కింది ఇంటివారికి చేరుతుంది. కింద దళసరి రబ్బరు షీటు వేసి, గోడకు ఒక అడుగు ఎడంగా ఉంచితే సరిపోతుంది.

జవాబు 4: ఏ.ఎస్.రావు నగర్ గృహిణి

నేను ఇదే పని మా అత్తగారి కోసం చేశాను. కొనేముందు ఆమెను కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకువెళ్లి వినికిడి పరీక్ష చేయించాము. ఒక చెవిలో గులిమి గట్టిపడి ఉందని తెలిసింది. అది తీయించిన తరువాతే ఆమెకు సగం తేడా కనిపించింది. మీ అమ్మగారికి కూడా ముందు ఆ పరీక్ష చేయించండి. వినికిడి యంత్రం అవసరమైన చోట ఎంత మంచి బారు పెట్టినా ఆ లోటు తీరదు.

అక్కడికి దగ్గరలోనే గుజరాతీ గల్లీ ఉంది. ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, తీగలు, గోడకు బిగించే క్లాంపులు అన్నీ అక్కడ దొరుకుతాయి. అడిగితే వరుసగా రెండు మూడు మోగించి వినిపిస్తారు. కానీ ఆ రద్దీలో, ఆ హోరులో మాట స్పష్టత తేల్చుకోవడం కష్టం. వినడానికి పెద్ద షోరూముకు మధ్యాహ్నం పూట, జనం తక్కువగా ఉన్నప్పుడు వెళ్లడం మేలు. మన హైదరాబాదుకే చెందిన మివి కూడా సౌండ్‌బార్లు చేస్తోంది, వాటిని కూడా ఒకసారి విని చూడండి.

వారంటీ ఎన్నాళ్లు అన్నదానితో పాటు, చెడితే ఇంటికి వచ్చి తీసుకువెళతారా, మనమే మోసుకుని వెళ్లాలా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. మా మొదటి బారు పదకొండో నెలలో ఆగిపోయింది. సబ్‌వూఫర్‌ను ఆటోలో పెట్టుకుని సర్వీసు సెంటరుకు మూడుసార్లు తిరిగాను.

ఇంకొకటి. మీ హాలులో టీవీకి ఎదుటి గోడకు ఒక దళసరి పరదా, కుర్చీకీ టీవీకీ మధ్య ఒక జంపఖానా వేసి చూడండి. మేము బారు రాకముందే వేశాము, గదిలో ప్రతిధ్వని ఆ రోజే తగ్గింది.

మలక్‌పేట నివాసి

అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. పరీక్ష చేయించాము. వయసు రీత్యా రెండు చెవులలోనూ పై స్థాయి కొంత తగ్గిందనీ, ప్రస్తుతానికి యంత్రం అవసరం లేదనీ, ఏడాదికి ఒకసారి చూపించమనీ చెప్పారు. ఆదివారం అమ్మను షోరూముకు తీసుకువెళ్లి, మైకుసెట్టు వారు చెప్పినట్లే తెరకు వీపు పెట్టి కూర్చోబెట్టాము. ఆమె కళ్లు మూసుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, వార్తల్లో వచ్చిన ఊర్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పారు. మొదటి బారు దగ్గర "జనగామ" తెలియలేదు, "సంగారెడ్డి" తెలియలేదు. వాయిస్ మీట ఉన్న మూడో బారు దగ్గర ఒక్కటి తప్ప అన్నీ చెప్పి, "ఇది మాట్లాడుతోందిరా" అన్నారు. అదే తీసుకున్నాము. 2.1 సెట్టు, బిల్లు 8,700 అయింది.

ఇప్పుడు ఒక చిన్న చిక్కు. సెట్‌టాప్ బాక్సులో శబ్దం బాగా వస్తోంది కానీ, టీవీలోని ఒక యాప్‌లో సినిమా పెడితే బారు మూగబోతోంది. ఏమి మార్చాలి?

జవాబు: మైకుసెట్టు మనిషి

ఆ యాప్ డాల్బీలో (ధ్వనిని కుదించి పంపే ఒక పద్ధతిలో) పంపుతున్న ధ్వనిని మీ బారు విప్పలేకపోతున్నట్లుంది. టీవీ సెట్టింగులలో సౌండ్‌లోకి వెళ్లి, డిజిటల్ ఔట్‌పుట్ అన్నచోట ఆటో అని ఉన్నదానిని పీసీఎంకు (కుదించని మామూలు డిజిటల్ ధ్వనికి) మార్చండి. అప్పుడు టీవీయే దానిని విప్పి రెండు ఛానెళ్లుగా పంపుతుంది. శబ్దం వచ్చాక కూడా సినిమాలో మాట సన్నగా అనిపిస్తే, యాప్‌లోని ఆడియో పట్టికలో 5.1కు బదులు స్టీరియో ఉందేమో చూసి దానిని ఎంచుకోండి. అమ్మగారికి తెలియని ఆ ఒక్క ఊరు ఏదో వీలైతే రాయండి. అందులోని అక్షరాలను బట్టి ట్రెబుల్ (పై స్థాయి సన్నని ధ్వని) ఇంకా ఒక మెట్టు పెంచాలో అక్కర్లేదో చెప్పగలను.

మలక్‌పేట నివాసి

పీసీఎంకు మార్చగానే శబ్దం వచ్చింది. ఆ ఊరు సిద్దిపేట. మొదటి అక్షరం తెలియలేదన్నారు.

జవాబు: మైకుసెట్టు మనిషి

అయితే "స" అందలేదన్నమాట. ట్రెబుల్ ఒక మెట్టు పెంచి, రేపటి వార్తలు విననివ్వండి. ఆ శబ్దం చెవిలో గుచ్చుకుంటున్నట్లు ఉందంటే మాత్రం వెనక్కి తగ్గించండి.