వీలునామాలో ట్రస్టు ఉందని ఇన్నేళ్లకు తెలిసింది. అద్దె మీద పన్ను ఎవరు కట్టాలి?

బరంపురం ఆడపడుచు: నాన్న 2020లో పోయారు. పెద్దబజారు కొట్టు అద్దె నెలకు 18 వేలు అమ్మ ఖాతాకే వస్తోంది. కుటుంబ పింఛనుతో కలిపి అమ్మే పన్ను కడుతోంది. మొన్న పట్టుచీరల బీరువా సర్దుతుంటే వీలునామా బయటపడింది. కొట్టు ట్రస్టుగా ఉండాలట, ధర్మకర్త అన్నయ్యట. అద్దెను "భార్యాపిల్లల అవసరాలకు ధర్మకర్తకు తోచినట్లు" ఖర్చు చేయాలట. ఇన్నేళ్లూ తప్పు కట్టామా?

పర్లాకిమిడి పంతులు: తప్పేముందమ్మా? వీలునామాతో వచ్చిన ఆస్తికి పన్ను లేదు. చనిపోయినవారి ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది.

రాయగడ లెక్కలు: పంతులుగారూ, ఆమె అడిగింది అద్దె సంగతి. "తోచినట్లు" అనడంతో ఎవరి వాటా ఎంతో తేలలేదు. ఈ గడిచిన ఏళ్లకు వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం 164వ సెక్షన్ కింద అలాంటి ట్రస్టుకు గరిష్ఠ రేటు పడుతుంది. అయితే వాళ్ల నాన్న వీలునామాతో పెట్టిన ట్రస్టు ఇదొక్కటే అయితే మామూలు శ్లాబులే, అంటే ఆదాయాన్ని బట్టి పెరిగే రేట్లే. అద్దె అంతా అమ్మకే అని రాసి ఉంటే ఈ పేచీయే లేదు.

పర్లాకిమిడి పంతులు: ఒకే రూపాయికి సర్కారు రెండుసార్లు చేయి చాపుతుందా? మా పినతండ్రి పోయాక మీలాంటి లెక్కలాయనే రెండేళ్లు ఫీజులు తిన్నాడు.

రాయగడ లెక్కలు: ఆయన వీలునామా రాశారా?

పర్లాకిమిడి పంతులు: లేదు. అయితే ఏమిటి?

రాయగడ లెక్కలు: సరే. ఏడాది అద్దె 2,16,000. అద్దెకు చట్టం ఇచ్చే 30 శాతం తగ్గింపు పోను 1,51,200. ట్రస్టుకు వేరే ఆదాయం లేకపోతే మామూలు శ్లాబుల్లో దీనికి పన్నే పడదు. ఈ అద్దెను తన ఆదాయంలో కలిపి పన్ను కట్టి నష్టపోయింది అమ్మ. పాత ఏళ్లకు అప్‌డేటెడ్ రిటర్ను (గడువు దాటాక సవరించి వేసే పన్ను లెక్క) ఉంది కానీ, రిఫండు కోసం అది వేయనివ్వరు.

గోపాలపురం గాలి: బాకీ లేదు కదా, ఇక గొడవ దేనికి?

బరంపురం ఆడపడుచు: అన్నయ్య కొట్టు బేరం పెట్టాడు. బయానా కూడా పుచ్చుకున్నాడు. ఆ కాగితం చెల్లదంటున్నాడు.

పర్లాకిమిడి పంతులు: అదీ సంగతి! పన్ను పేరు చెప్పి వాటాకు వచ్చారన్నమాట. మా అక్కలూ ఇలాగే ఏదో కాగితం తెచ్చి నా ఇల్లు అమ్మనివ్వలేదు.

బరంపురం ఆడపడుచు: నాకు వాటా వద్దు. అమ్మ ఉన్నన్నాళ్లూ కొట్టు అమ్మకూడదని నాన్న రాశారు. చదివి వినిపిస్తే అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మీ అక్కల కోపం నా మీద చూపకండి.

రాయగడ లెక్కలు: ముందు ఇది చెప్పండి. వీలునామా మీద సాక్షులు ఇద్దరూ సంతకం చేశారా?

బరంపురం ఆడపడుచు: చేశారు. ఒకరు పోయారు. రెండో ఆయన ఛత్రపురంలో ఉన్నారు. రేపు పొద్దున్న బస్సుకు వెళ్తున్నాను.