అప్‌డేట్: సెప్టిక్ ట్యాంక్ గాలి మోటార్ బాగైంది

వైజాగ్ మధురవాడలో మా ఇంటి ఏరోబిక్ (గాలితో బతికే బ్యాక్టీరియా మురుగును శుభ్రం చేసే) సెప్టిక్ ట్యాంక్‌కి గాలి కొట్టే మోటార్ గుయ్‌మంటోంది తప్ప తిరగడం లేదని పోయిన నెల అడిగాను కదా. కెపాసిటర్ (మోటార్ తిరగడం మొదలవడానికి ఊతమిచ్చే భాగం) చూడమన్నవాళ్లదే కరెక్ట్. దాని మీద సామర్థ్యం 10 మైక్రోఫారడ్ అని ఉంది, మీటర్‌లో 3 చూపించింది. కొత్తది వేస్తే తిరిగింది గానీ ఒకటే కీచుమనే చప్పుడు. విప్పితే బేరింగుల నిండా తుప్పు! సముద్రపు ఉప్పుగాలికి మా ఇనుప గేటే నిలవలేదు, ఇవెంత. 6202 సైజు బేరింగులు రెండూ మార్పించాను. వైండింగ్ (మోటార్ లోపలి తీగ చుట్టలు) బాగానే ఉంది. "మోటార్ కాలిపోయింది, కొత్తది కొనండి" అన్న మెకానిక్ మాట వినుంటే డబ్బు దండగయ్యేది. వాసన మాత్రం వెంటనే పోలేదు. గాలి అందక చచ్చిన బ్యాక్టీరియా మళ్లీ పెరగాలి కదా, రెండు వారాలు పట్టింది. ఇప్పుడు మోటార్ పైన చిన్న రేకు వేయించాను, పక్కల గాలి ఆడేలా వదిలేసి.