క్లాడ్ లొరైన్ శిథిలాల బొమ్మలు: అక్కడే కూర్చుని గీసినవా, ఇంట్లో అల్లినవా?

సుద్దముక్క:
రోమ్ దగ్గరి టివోలి జలపాతం, కాంపో వచ్చీనో (పాత రోమన్ ఫోరం) శిథిలాలు, కంపాన్యా (రోమ్ చుట్టూ ఉన్న పల్లె మైదానం) చెట్లు. 17వ శతాబ్దంలో రోమ్‌లో పనిచేసిన ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ గోధుమ సిరాతో వేసినవన్నీ ఆరుబయట పనే అంటాను. టివోలీలో తాను ప్రకృతిని చూస్తూ రంగులు వేస్తుంటే క్లాడ్ ఆ పద్ధతి పట్టాడని అతని స్నేహితుడు, జర్మన్ చిత్రకారుడు సాండ్రార్ట్ స్వయంగా రాశాడు. ఇంకేం కావాలి?

కాగితంపులి:
"అన్నీ" అనకండి. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న లిబెర్ వెరితాతిస్, అంటే క్లాడ్ తన పెయింటింగులను నమోదు చేసుకున్న బొమ్మల పుస్తకం, సంగతేంటి? 195 బొమ్మలూ దాదాపుగా పూర్తయిన పెయింటింగులకు నకళ్లే. నాలుగు తెల్ల కాగితాలు, నాలుగు నీలి కాగితాలు వరస మార్చి కట్టిన పుస్తకం. అది బల్ల మీద పని.

సుద్దముక్క:
పుస్తకం సరే. విడి కాగితాల మాట చెప్పండి.

కాగితంపులి:
వాష్, అంటే నీళ్లు కలిపిన సిరా పూత, చూడండి. మొదటి పూత ఆరకుండా రెండోది వేస్తే అంచులు పాకిపోతాయి. మూడు నాలుగు ఛాయలు ఒకదానిపై ఒకటి పదునైన అంచుతో ఉన్నాయంటే తీరిగ్గా కూర్చుని వేసినట్టే.

సుద్దముక్క:
రోమ్ ఎండలో పల్చటి పూత ఆరడానికి ఎంతసేపండీ? ఆ పరీక్ష నిలవదు.

మసిబుడ్డి:
ఇద్దరూ పైపూతనే చూస్తున్నారు, కింద గీత చూడండి. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో, 1000 నానోమీటర్ల దగ్గర, ఐరన్‌గాల్ సిరా (ఇనుప లవణంతో, చెట్ల కాయలతో చేసే సిరా) దాదాపు మాయమవుతుంది, బిస్టర్ అనే గోధుమ సిరా బాగా పలచబడుతుంది, నల్ల సుద్ద మాత్రం నిలుస్తుంది. సుద్దగీత తడుముకుంటూ, దిద్దుకుంటూ సాగి, సిరా దాన్ని లెక్కచేయకుండా పోతే సుద్ద బయటిది, సిరా ఇంట్లోది కావచ్చు. ఒకే కాగితానికి రెండు చోట్లు! అయితే సిరా, సుద్ద ఒకేసారి వేసినా ఇలా కనిపించవచ్చు, కాబట్టి ఇదొక్కటే చాలదు.

నీడలను బట్టి సూర్యుడి దిక్కు లెక్కేసి బయట వేసిందా అని చూసేవాళ్లకు ఒక మాట: నీలి కాగితంపై సీసపు తెలుపు రంగు ఉంటే జాగ్రత్త. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలి అది నల్లబడుతుంది. వెలుగు పడాల్సిన స్తంభం అంచు నీడలా కనిపించి, సూర్యుడు ఎటున్నాడో తప్పుగా లెక్కేస్తాం.

ఇంకోటి, క్లాడ్ గోధుమ సిరాను "సెపియా" అనకండి. కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి నుంచి తీసే ఆ సిరా చిత్రకారుల చేతికి విరివిగా వచ్చింది 18వ శతాబ్దం చివర్లో. బిస్టర్ అంటే కట్టెల పొగమసి నీళ్లలో కాచి తీసినది.

కాగితంపులి:
స్థలం కూడా సాక్ష్యమే. 1637 నాటి ఉఫీజీ చిత్రంలో రోమ్ గుట్ట మీది విల్లా మెదీచీని సముద్రపు రేవులో పెట్టాడు. బొమ్మలో కట్టడాలు అసలు చోట ఉన్నాయా అని ముందు చూడాలి.

సుద్దముక్క:
అసలు చోట ఉంటే బయట వేసిందేనా? గుర్తుపెట్టుకుని ఇంట్లోనూ వేయొచ్చు. "అన్నీ" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. చెట్ల మొదళ్లను దగ్గరగా చూసి వేసిన బొమ్మలు మాత్రం ఆరుబయటివేనన్న మాట వదలను.