సిరొంచ తాలూకాలో బీమ్ అంచున ఉన్న వీశాట్ సైట్: కవరేజీ పెంచుకునే దారేది?

ప్రాణహిత_ఒడ్డు
సిరొంచ తాలూకాలో (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) జింగనూరు వైపు, అడవి లోపల ఒక 4జీ సైట్ గురించి అడుగుతున్నా. ఫైబర్ లేదు, బ్యాక్‌హాల్ (టవర్‌ను నెట్‌వర్క్‌కు కలిపే లింక్) మొత్తం కేయూ బ్యాండ్ వీశాట్ (చిన్న డిష్‌తో నడిచే శాటిలైట్ లింక్) మీదే. డిష్ 1.2 మీటర్లు, బీయూసీ (శాటిలైట్‌కు సిగ్నల్ పంపే ట్రాన్స్‌మిటర్) 2 వాట్లు. ఆకాశం తేటగా ఉన్నప్పుడు కూడా మోడెంలో ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్ కన్నా సిగ్నల్ ఎంత ఎక్కువో చెప్పే కొలత) 4.5 డీబీ దాటదు. గట్టి వానకు లింక్ పడిపోతుంది. సైట్ బీమ్ (శాటిలైట్ సిగ్నల్ నేల మీద పడే మేర) అంచున ఉందని ఎన్‌ఓసీ (నెట్‌వర్క్‌ను కనిపెట్టుకునే కేంద్రం) వాళ్లు అంటున్నారు. బీమ్‌ను ఇటువైపు ఇంకొంచెం సాగదీయించే వీలుందా? లేకుంటే మార్చాల్సింది డిష్షా, బీయూసీనా? ఇంకొకటి: సైట్‌కు 12 కిలోమీటర్ల దూరంలో గుట్ట వెనక ఒక గూడెం ఉంది. వాగులు పొంగితే అక్కడి నుంచి 108కు ఫోన్ కూడా కలవదు. అక్కడికి సిగ్నల్ ఎట్లా చేర్చాలి?

డిష్_మేస్త్రీ
బీమ్ ఆకారం శాటిలైట్ యాంటెన్నాది. ఇక్కడి నుంచి దాన్ని సాగదీయలేం. సాగదీసినా మీకు లాభం లేదు: బీమ్ వ్యాసం రెట్టింపైతే విస్తీర్ణం నాలుగింతలవుతుంది, అదే పవర్ పలచబడి ప్రతి డిష్‌కూ 6 డీబీ తగ్గుతుంది. జీశాట్-11లో ఒకే పెద్ద బీమ్ బదులు 32 యూజర్ బీమ్‌లు పెట్టింది అందుకే. అంచున నడిమధ్య కన్నా 3-4 డీబీ తక్కువ రావడం మామూలే. ఆ లోటును నేల మీదే పూడ్చుకోవాలి.

డబ్బు పెట్టే ముందు ఒకటి తేల్చుకోండన్నా. మీ ఎస్‌ఎన్‌ఆర్‌ను తగ్గిస్తున్నది నాయిసా, అదే శాటిలైట్‌లో అదే ఫ్రీక్వెన్సీ వాడే ఇంకో బీమ్ నుంచి వచ్చే ఇంటర్‌ఫియరెన్సా? రెండోదైతే పెద్ద డిష్ వల్ల పెద్దగా ఒరిగేదేం లేదు, సిగ్నల్‌తో పాటు అదీ అంతే పెరుగుతుంది. పరీక్షకు ఖర్చేం లేదు. చిన్న వాన పడుతున్నప్పుడు మోడెంలో రిసీవ్ లెవెల్, ఎస్‌ఎన్‌ఆర్ రెండూ రాసుకోండి. లెవెల్ 2 డీబీ తగ్గి, ఎస్‌ఎన్‌ఆర్ కూడా అంతే లేదా ఇంకా ఎక్కువ తగ్గితే అది నాయిస్. ఎస్‌ఎన్‌ఆర్ పెద్దగా కదలకపోతే ఇంటర్‌ఫియరెన్స్. అప్పుడు మీ మోడెంను పక్క బీమ్‌కు కలిపి చూడమని ఎన్‌ఓసీని అడగండి. అంచున ఉన్నవాళ్లకు పక్క బీమ్ కూడా దాదాపు అంతే బలంగా అందవచ్చు.

నాయిసే అయితే డిష్ మార్చండి. 1.2 నుంచి 1.8 మీటర్లకు పోతే 3.5 డీబీ వస్తుంది, అదీ రిసీవ్‌లోనూ ట్రాన్స్‌మిట్‌లోనూ. 2 వాట్ల బీయూసీ తీసి 4 వాట్లది పెడితే ట్రాన్స్‌మిట్‌లో మాత్రమే 3 డీబీ. మీ బాధ రిసీవ్‌లో కనిపిస్తోంది కాబట్టి డిష్షే ముందు. కానీ 1.8కి గాలి తాకిడి రెండింతలకు పైనే. నల్లరేగడి నేలైతే లోతైన కాంక్రీట్ దిమ్మె తప్పదు. ఎందుకంటే 12 గిగాహెర్ట్జ్ దగ్గర దాని బీమ్ వెడల్పు దాదాపు ఒక డిగ్రీయే. స్తంభం వంగి గురి అర డిగ్రీ తప్పిందంటే 3 డీబీ పోతుంది, డిష్ మీద పెట్టిన డబ్బంతా గాలికే.

లింక్_బడ్జెట్
పై మాటకు చేర్పు. శాటిలైట్ నుంచి వచ్చే క్యారియర్ డీవీబీ-ఎస్2 (శాటిలైట్ ప్రసార ప్రమాణం) అయితే 4.5 డీబీతో వాన నాడు కూడా కొంత నిలబడాలి. క్యూపీఎస్‌కే మాడ్యులేషన్‌లో 3/4 కోడింగ్‌కు (పంపే బిట్లలో మూడొంతులు డేటా, మిగతాది తప్పుల దిద్దుబాటుకు) సుమారు 4 డీబీ కావాలి, 1/4కు మైనస్ 2.35 చాలు. ఏసీఎం (సిగ్నల్ బలాన్ని బట్టి కోడింగ్‌ను తనంతట మార్చే ఏర్పాటు) ఆఫ్‌లో ఉండి 3/4 దగ్గరే కట్టేసి ఉంటే మీకు మిగిలే మార్జిన్ అర డీబీ. అదే 1/4 దాకా దిగనిస్తే దాదాపు 7 డీబీ. అది సెట్టింగ్ మార్పే, ముందు అదే అడగండి. అయితే 1/4లో వేగం మూడో వంతుకు పడిపోతుంది, కాబట్టి వాయిస్‌కు వీశాట్‌లో అగ్ర ప్రాధాన్యం పెట్టించండి. జీటీపీ టన్నెల్ (టవర్ డేటాను చుట్టి కోర్ నెట్‌వర్క్‌కు పంపే పొర) బయటి హెడర్‌లో కూడా ఆ మార్కింగ్ ఉండాలి, లేకుంటే మోడెంకు వీడియో, కాల్ ఒకటే.

పాయింటింగ్ లెక్క: 74 డిగ్రీల తూర్పున ఉన్న శాటిలైట్‌కు సిరొంచ పట్టణం నుంచి అజిముత్ (ఉత్తరం నుంచి కొలిచే దిశ) దాదాపు 198 డిగ్రీలు, ఎలివేషన్ (నేల నుంచి పైకి ఎత్తు కోణం) 67. లీనియర్ పోలరైజేషన్ అయితే ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండే రిసీవర్) స్క్యూ, అంటే దాన్ని పక్కకు తిప్పాల్సిన కోణం, సుమారు 17 డిగ్రీలు. ఆఫ్‌సెట్ డిష్ (రిసీవర్ నడిమధ్య కాక కిందివైపు ఉండేది) కాబట్టి దాని ముఖం 67 వైపు చూస్తున్నట్టు కనిపించదు, తయారీదారు స్కేల్ చూసే బిగించండి. దిక్సూచిని ఇనుప స్తంభానికి దూరంగా పట్టుకుని చూడాలి. మార్చి రెండో వారం, అక్టోబర్ మొదటి వారం చుట్టూ మధ్యాహ్నం పూట కొన్ని నిమిషాలు లింక్ పోతే అది సూర్యుడు శాటిలైట్ వెనకకు రావడం వల్ల. అప్పుడు డిష్ కదపకండి.

రేడియో_ప్లానర్
గూడెం సంగతి. 12 కిలోమీటర్లు దూరం సమస్య కాదు, ప్రాక్ (ఫోన్ టవర్‌ను మొదట పలకరించే చానల్) ఫార్మాట్ 0తోనే సుమారు 14.5 కిలోమీటర్ల దాకా ఫోన్ రిజిస్టర్ అవుతుంది. సమస్య గుట్ట. టవర్ పవర్ పెంచినా గుట్ట నీడ పోదు, పైగా ఫోన్ తిరిగి పంపేది 200 మిల్లీవాట్లే. గుట్ట మీద ఒక రిలే, గూడెంలో చిన్న సెల్ పెట్టడమే దారి. 5.8 గిగాహెర్ట్జ్ లైసెన్స్ అవసరం లేని బ్యాండ్. సైట్ నుంచి గుట్టకు 7 కిలోమీటర్లు అనుకుంటే మధ్యలో ఫ్రెనెల్ జోన్ (రేడియో తరంగానికి చుట్టూ కావాల్సిన ఖాళీ) కోసం చెట్ల తలల మీద 6 మీటర్ల ఖాళీ, భూమి వంపుకు ఇంకో మీటర్ కావాలి. ఇక్కడిది టేకు అడవి. ఏప్రిల్‌లో ఆకు రాలి ఉన్నప్పుడు బాగా వచ్చిన లింక్ జూలైలో ఆకు నిండగానే పడిపోతుంది. సర్వే వానాకాలంలోనే చేయండి, అటవీ శాఖ అనుమతి కూడా ముందే తీసుకోండి.

గుట్ట మీద రెండు రేడియోలు 20 వాట్లు తింటాయి, రోజుకు 480 వాట్-అవర్లు. మూడు రోజుల ముసురును తట్టుకోవాలంటే, లెడ్ యాసిడ్‌ను సగానికి మించి ఖాళీ చేయకుండా, 12 వోల్టుల 240 ఏహెచ్ బ్యాటరీ, 300 వాట్ల ప్యానెల్.

గూడెం సెల్‌కు సొంత జీపీఎస్ యాంటెన్నా పెట్టండి. శాటిలైట్ దారిలో ప్యాకెట్ ఆలస్యం ఊగుతుంటుంది కాబట్టి నెట్‌వర్క్ మీదుగా టైమింగ్ నమ్మలేం. ఈ సెల్ వల్ల వీశాట్ వేగం పెరగదు, ఉన్నదాన్నే ఇద్దరూ పంచుకోవాలి.

ప్రాణహిత_ఒడ్డు
ఏసీఎం సంగతి అడుగుతాను. అప్పటిదాకా గూడెంలో మొబైల్ బూస్టర్ పెడితే?

డిష్_మేస్త్రీ
వద్దు. ఆపరేటర్ కాని వాళ్లు అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం, పైగా అది సెల్ అప్‌లింక్‌లో నాయిస్ నింపి మీ సైట్‌నే చెడగొడుతుంది. గుట్ట వెనక అసలు సిగ్నలే లేదు, అది పెంచేది దేన్ని? ఎన్‌ఓసీతో మాట్లాడేటప్పుడు మోడెం ఆప్షన్ ఫైల్‌లో (సెట్టింగుల ఫైల్) అక్షాంశ రేఖాంశాలు సైట్‌వేనా, తాలూకా కేంద్రానివా చూడమనండి. హబ్ (వీశాట్‌లన్నీ కలిసే భూమి మీది ప్రధాన స్టేషన్) మీ ట్రాన్స్‌మిట్ టైమింగ్‌ను వాటి నుంచే లెక్కగడుతుంది.