పాత మడత చాకులు సేకరించడం ఎలా మొదలుపెట్టాలి?

మా తాతగారి జేబు చాకు ఈమధ్య నా చేతికొచ్చింది. రెండు బ్లేడ్లు, కొమ్ము పిడి, బ్లేడు మొదట్లో ఇంగ్లండ్‌లో చాకులకు పేరున్న షెఫీల్డ్ ఊరి ముద్ర. అప్పటి నుంచీ ఇలాంటివి పోగుచెయ్యాలని గట్టిగా ఉంది. గురువారం హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో పాత ఇనుప సామాన్ల మధ్య వెతికితే దొరుకుతున్నాయి. ఏది కొనాలో, ఏది వదిలెయ్యాలో మాత్రం తెలియడం లేదు.

ముందు తుప్పు సంగతి చెప్పండి. స్టెయిన్‌లెస్ స్టీలు షెఫీల్డ్‌లో 1913లో వచ్చింది. అంతకుముందు చాకులన్నీ కార్బన్ స్టీలే కాబట్టి వాడేకొద్దీ నల్లబడతాయి. ఆ నలుపు అలాగే ఉంచాలా, తోమెయ్యాలా? నాకైతే ఉంచితేనే అందం. అమ్మేవాళ్ళు తళతళలాడాలని గ్రైండర్ పెట్టేస్తున్నారు, ముద్ర కూడా అరిగిపోతోంది. చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. అతిగా సాన పట్టిన బ్లేడును ఎలా గుర్తుపట్టాలి?

పాత సెల్యులాయిడ్ (తొలి రకం ప్లాస్టిక్) పిడి పాడైతే, దాన్నుంచి వచ్చే ఆవిరికి పక్కనున్న చాకులు కూడా తుప్పు పడతాయట. అవి విడిగా పెడతాను. మిగతావాటికి మన వానాకాలం తేమలో ఏ నూనె రాస్తున్నారు?

ఒకే ఊరి ముద్రలకు పరిమితం కావడం మంచిదా, నచ్చినవన్నీ కొనుక్కుంటూ పోవచ్చా? హైదరాబాద్‌లో ఈ సేకరణ చేస్తున్నవాళ్ళుంటే దయచేసి చెప్పండి.