స్లాబ్ అంచున రెయిలింగ్ ముందా, బెల్టు ముందా?

సైట్ ఇంజనీరు:
మా సైట్‌లో ఈ వాదన తెగడం లేదు. స్లాబ్ అంచుల చుట్టూ రెయిలింగ్ కట్టాలని నేనంటున్నాను. "అందరికీ ఫుల్ బాడీ హార్నెస్‌లు (ఒళ్లంతా పట్టుకునే సేఫ్టీ బెల్టులు) ఇచ్చాం కదా, మళ్లీ పైపుల ఖర్చెందుకు? మెటీరియల్ ఎక్కించేటప్పుడు ఎలాగూ విప్పాలి" అని కాంట్రాక్టరు. ఎత్తులో పని తెలిసినవాళ్లు చెప్పండి, బెల్టు ఒక్కటే చాలుతుందా?

సేఫ్టీ ఆఫీసరు:
చాలదు. రెయిలింగ్ మనిషిని పడనివ్వదు. బెల్టు పడ్డాక పట్టుకుంటుంది. ఈ తేడా కాంట్రాక్టరు గారికి లెక్కతో చూపించండి. బెల్టు తాడు పొడవు 1.8 మీటర్లు. పడ్డప్పుడు కుదుపు తగ్గించే షాక్ అబ్సార్బర్ విచ్చుకుంటే ఇంకో మీటరు దాకా సాగుతుంది. వీపు మీద రింగు నుంచి పాదాల దాకా మీటరున్నర. వీటికి తోడు ఒక మీటరు అదనంగా వదలాలి. అంటే హుక్ తగిలించిన చోటు నుంచి కిందికి 5 మీటర్లకు పైగా ఖాళీ కావాలి. మొదటి స్లాబ్ ఎత్తు మూడు, మూడున్నర మీటర్లే. కాళ్ల దగ్గర ఏ కడ్డీకో హుక్ తగిలించుకుని అక్కడి నుంచి జారితే, బెల్టు ఉన్నా నేలకి తగులుతాడు.

ఇంకోటి, ఆ కడ్డీ బలం ఎంత? అమెరికాలో పనిచోటు భద్రత చూసే ఓషా సంస్థ నిబంధనల ప్రకారం యాంకర్, అంటే హుక్ తగిలించే చోటు, ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు ఆపాలి, అంటే రెండు టన్నులకు పైనే. లేదంటే అర్హత ఉన్నవాళ్లు లెక్కగట్టి డిజైన్ చేయాలి. వదులుగా ఉన్న పరంజా గొట్టానికి హుక్ వేసినవాడు బెల్టు పెట్టుకున్నట్టు కనిపిస్తాడు, అంతే.

సెంట్రింగ్ మేస్త్రి:
సార్, లెక్క బాగుంది. కానీ స్లాబ్ పోయకముందు రెయిలింగ్ దేనికి బిగించాలి? అంచు పలకలు కొట్టేది మేమే, కడ్డీలు కట్టేవాళ్లూ అక్కడే కూర్చుంటారు. మాకు బెల్టు తప్ప దారి లేదు. పైగా చాలాచోట్ల ఒక తాడు లాగి కట్టి రెయిలింగ్ అంటారు. దాని మీద ఆనుకుంటే మనిషి తాడుతో సహా పోతాడు.

సేఫ్టీ ఆఫీసరు:
తాడు విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను మేస్త్రి గారూ. పై పైపు సుమారు 42 అంగుళాల ఎత్తులో ఉండి, 200 పౌండ్ల తోపుని తట్టుకోవాలి. మధ్యలో ఇంకో పైపు, కింద పనిముట్లు జారకుండా మూడున్నర అంగుళాల పలక. అంచు పలకలు కొట్టేటప్పుడు బెల్టు తప్పదు, నిజమే. అయితే అప్పుడు కూడా బెల్టు తాడు మనిషిని అంచు దాటనివ్వనంత పొట్టిగా పెట్టడం కుదిరితే అదే మేలు. రెయిలింగ్ కట్టేవాళ్లకీ విప్పేవాళ్లకీ కూడా బెల్టు ఉండాలి. మెటీరియల్ కోసం విప్పితే ఆ ఒక్క ఖాళీ వరకే విప్పి, విప్పినవాళ్లే మళ్లీ బిగించి కదలాలి.

ఎలక్ట్రీషియన్:
అంచులు సరే, పైపులూ వైర్లూ పోవడానికి స్లాబ్‌లో వదిలే డక్ట్ కన్నాల సంగతి ఎవరూ ఎత్తలేదు. వాటి మీద ఊరికే ప్లైవుడ్ ముక్క పడేస్తారు. ఎవరో వచ్చి పలక పనికొస్తుందని రెండు చేతులా ఎత్తుతాడు, ముందుకి అడుగేస్తాడు. కింద కన్నముందని పలక అడ్డంలో కనపడదు. మేకులు కొట్టి, పైన "కన్నం" అని పెద్దగా రాయాలి. దీనికి బెల్టు ఏం చేస్తుంది? నడిచేవాడు హుక్ వేసుకుని నడవడు.

సైట్ ఇంజనీరు:
ఒకవేళ పడి బెల్టుకి వేలాడితే?

సేఫ్టీ ఆఫీసరు:
వెంటనే దించాలి. కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచిపోతుంది, స్పృహ తప్పుతుంది, ప్రాణం మీదికే వస్తుంది. ఎవరు, దేనితో దించుతారో పని మొదలుకాకముందే తేల్చుకోవాలి. చాలా సైట్లలో బెల్టులు కొంటారు, ఈ మాట మాత్రం అనుకోరు.

సెంట్రింగ్ మేస్త్రి:
విప్పినవాళ్లే బిగించాలంటే నేను కాదనను. కానీ మాకు డబ్బు చదరపు అడుగు లెక్కన వస్తుంది. రెయిలింగ్ కట్టిన పూటకి కూలి ఎవరూ ఇవ్వరు, అందుకే మావాళ్లు దాని జోలికి పోరు. ఇంజనీరు గారూ, ఆ పనిని బిల్లులో విడిగా రాయించండి. పైపులు, క్లాంపులు తెచ్చిపెట్టండి. కట్టించే పూచీ నాది.